చెప్పులు చేత పట్టుకుని నడవడం ఎందుకు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు ఐదో నెల. డాక్టరమ్మ రోజూ అరగంట నడవమన్నారు. మా ఆడపడుచుకు ఎనిమిదో నెలలోనే కాన్పయి, పాప 1.8 కిలోల బరువుతో పుట్టింది. తను మేడ మెట్లు ఎక్కి దిగడం వల్లే అలా జరిగిందని నమ్మే మా అత్తయ్యగారు నన్ను గడప దాటనివ్వడం లేదు. మావారేమో, "అమ్మతో వాదన ఎందుకు, ఆవిడ పడుకున్నాక నడుచుకో" అన్నారు. అందుకని మధ్యాహ్నం రెండింటికి చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా డాబా ఎక్కి, ఆరబోసిన మినుముల చుట్టూ నడుస్తున్నాను. దీనివల్ల బిడ్డ బరువు తగ్గుతుందా?

జవాబు: తగ్గదమ్మా. ఇతర ఇబ్బందులేవీ లేని గర్భిణి మితంగా వ్యాయామం చేసినందువల్ల నెలలు నిండకుండా కాన్పు కావడం గానీ, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం గానీ జరగదు. వారానికి కనీసం 150 నిమిషాల పాటు ఓ మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో గర్భిణులకూ చెప్పింది. నడక వల్ల గర్భంతో వచ్చే షుగరు, బీపీ ముప్పు తగ్గుతుంది. తల్లి రక్తంలో చక్కెర హద్దులో లేకపోతే కడుపులో బిడ్డ ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసుకుని అతిగా బరువు పెరుగుతుంది, పుట్టిన కొద్ది గంటల్లో ఆ బిడ్డకే చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంటుంది. కాబట్టి మీరు నడిచే నడక బిడ్డకు మేలే చేస్తుంది. మాయ కిందికి ఉన్నవారు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవారు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు వ్యాయామం విషయంలో డాక్టరు మాట దాటకూడదు. మిమ్మల్ని పరీక్షించిన డాక్టరమ్మే నడవమన్నారు కనుక ఆ సందేహం మీకు అక్కరలేదు.

నన్ను కలవరపెట్టింది మీరు ఎంచుకున్న వేళ. మన కోనసీమ ఉక్కలో, మిట్టమధ్యాహ్నం కాలే డాబా మీద, ఒంటరిగా, ఎవరూ వినకూడదని అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవమని ఏ డాక్టరూ చెప్పరు. గర్భిణికి ఒళ్లు వేడెక్కడం, చెమటతో నీరు పోవడం మంచివి కావు. మీకు కళ్లు తిరిగితే పట్టుకునే మనిషి అక్కడ లేరు, మీరు అక్కడ ఉన్నారన్న సంగతే ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఉత్తరంలో బాధంతా మీ అత్తగారి మీదే పెట్టారు గానీ, నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఎనిమిదో నెలలో పుట్టిన మనవరాలిని చూసి హడలిపోయిన మనిషి ఆవిడ. నిండు నెలలతో వరినాట్లకు వంగిన ఆడవాళ్లను కళ్లారా చూసిన తరం కూడా. ఆ చాకిరీని నేను మెచ్చుకోను, దానిని వ్యాయామమనీ అనను, అయితే కోడలిని కూర్చోబెట్టడమే ప్రేమ అని ఆ తరం ఎందుకు అనుకుంటుందో నాకు అర్థమవుతుంది. అర్థం కానిది మీవారి మాట. తల్లిని నొప్పించకూడదని ఆయన అనుకుంటున్నారు, మంచిదే. కానీ తల్లికి నచ్చజెప్పవలసిన పని తన మీద పడినప్పుడు దానిని తప్పించుకుని, ఐదో నెల భార్యను దొంగలా మెట్లు ఎక్కించడాన్ని నేను మాతృభక్తిగా ఒప్పుకోలేను. కొడుకుగా ఆయన చెప్పవలసిన నాలుగు మాటలకు బదులు మీరు రోజూ ఎండలో నిలబడుతున్నారు. బిడ్డ పుట్టాక టీకాలు, పాలు, పథ్యం, ఏ విషయం వచ్చినా ఇదే పద్ధతి సాగుతుంది. అందుకే ఇప్పుడే ఆపించాలి.

ఈ రాత్రే ఆయనతో మాట్లాడండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. మీరు అక్కడ చూపించుకున్నా, వేరే చోట చూపించుకున్నా, ఈసారి పరీక్షకు ఆయన పని మానుకుని రావాలి, తన తల్లిని తనే వెంటబెట్టుకుని రావాలి. నడవవచ్చా అని డాక్టరమ్మను మీ అత్తగారి ఎదుట అడగవలసింది ఆయనే. మెట్లెక్కడం వల్ల నెలలు నిండకుండా కాన్పవుతుందా అనీ అడగమనండి. తన తప్పు వల్లే బిడ్డ అలా పుట్టిందన్న మాట ఇన్నాళ్లుగా వింటున్న మీ ఆడపడుచుకు ఆ జవాబు చేరడం, మీ నడక ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం.

ఆ తరువాత ఎండ వాలాక, సాయంత్రం ఆరింటికి, మీవారితో కలిసి కాలవ గట్టు మీద నడవండి. మాట్లాడుతూ నడవగలిగినంత వేగం చాలు. మంచినీళ్ల సీసా ఆయన చేతికివ్వండి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, ఆగి ఆగి నొప్పులు వస్తున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, పిక్క వాచి నొప్పెట్టినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి. మీ అత్తగారికి ఓపిక ఉంటే ఆవిడనూ రమ్మనండి. చెప్పులు కాళ్లకే వేసుకుని, వీధి గుమ్మంలోంచే బయలుదేరండి.