చిగురు వేళ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వసంతం చూద్దామని ఏటా పల్లెకు వెళ్తాం. పొద్దంతా తిరుగుతాం, అలసిపోతాం, పెద్దగా ఏమీ చూడకుండానే వచ్చేస్తాం. రెండు రోజులే ఉంటే ఎలా చూడాలి?

జవాబు: తిరగడం మానేయండి. పూత మీదున్న చెట్టు ఒకటి ఎంచుకుని దాని దగ్గరే ఉండండి. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో అయితే మోదుగో బూరుగో చూసుకోండి. ఇంకాస్త ఆలస్యమైతే కానుగ, వేప. తెల్లవారకముందే చేరుకోవాలి. ఆ వేళకు గాలి పడిపోయి ఉంటుంది కాబట్టి పిట్టల కూత దూరం నుంచి కూడా తేటగా వినిపిస్తుంది. ఎండెక్కితే పిట్టలు నీడ చూసుకుంటాయి, మీకూ ఓపిక ఉండదు. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా, చెట్టుకు ఇరవై ముప్పై అడుగుల దూరంలో కూర్చోండి. ఎదురెండలో ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. మొదటి పావుగంటలో ఏమీ రాకపోతే లేచిపోకండి, మిమ్మల్ని చూసి ఎగిరిపోయినవి తిరిగి రావడానికే అంత సమయం పడుతుంది.

మోదుగ కింద రాలిన పువ్వు ఒకటి చేతిలోకి తీసుకోండి. అడుగున నల్లటి మఖమలు గిన్నె, తేనె ఉండేది అందులోనే. పైన చిలక ముక్కులా వంగిన రేక. ఆ ముక్కును వేలితో మెల్లగా నొక్కితే లోపలి కేసరాలు బయటికొస్తాయి, పుప్పొడి వేలికంటుతుంది. తేనె కోసం పిట్ట తల దూర్చినప్పుడు జరిగేదీ ఇదే. వాసన చూడండి, ఏమీ ఉండదు. పిట్టలను పిలవడానికి రంగు చాలు. అదే వేపపూత దగ్గర సాయంత్రం నిలబడితే కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది.

తేనెపిట్టల్లో మగదాన్ని కాస్త పట్టి చూడండి. కొన్నిటికి పసుపు పొట్ట మీద గొంతు నుంచి నిలువునా ఒక నల్ల చార ఉంటుంది. అది వేరే జాతి కాదు, ఇంకా పెళ్లి బట్టలు కట్టుకోని మగపిట్ట. జత కట్టే కాలానికి అదే నిగనిగలాడే నీలినలుపుకు మారుతుంది.

ప్రశ్న: మా పొలం గట్టున మోదుగ ఆకంతా రాల్చేసింది. ఎండిపోయిందనుకుంటే పూసింది! నీళ్లు లేని రోజుల్లో ఇదెలా సాధ్యం?

జవాబు: ఆకు రాల్చింది కాబట్టే సాధ్యం. చెట్టు నీళ్లు ఎక్కువగా ఆవిరైపోయేది ఆకుల నుంచే. అవి పోతే మాను, కొమ్మలు మళ్లీ నీరు నింపుకుంటాయి, మొగ్గలు ఆ నీటితో విచ్చుకుంటాయి. అడ్డుగా ఆకు లేకపోవడంతో పూలు దూరానికి కూడా కనిపిస్తాయి. చెట్టు బతికుందా లేదా అని అనుమానం వస్తే చిన్న కొమ్మ మీద గోరుతో గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. రావి చిగురు ఎర్రగా ఉండటం కూడా తెగులు కాదు. లేతాకులో పత్రహరితం ఇంకా తయారవక ఎర్రరంగు పైకి తేలుతుంది, ముదిరేకొద్దీ పచ్చబడుతుంది.

ప్రశ్న: కోయిల కూస్తూనే ఉంటుంది, ఎంత వెతికినా కనిపించదు. ఒకసారి ఎర్రకళ్ల నల్లపిట్ట కంచె కింద నడుస్తూ కనిపించింది. అదేనా?

జవాబు: కాదండీ, మీరు చూసింది జెముడుకాకి. రెక్కలు ఇటుకరంగులో ఉండి ఉంటాయి, గుర్తు చేసుకోండి. కోయిల నేల మీద నడిచే రకం కాదు, గుబురు కొమ్మల మధ్యే ఉంటుంది. కూసేది గండుకోయిల: ఒళ్లంతా నలుపు, కళ్లు ఎరుపు, తోక పొడవు, కాకి కంటే సన్నం. ఆడది గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది, చాలామంది దాన్ని డేగ పిల్ల అనుకుని వదిలేస్తారు.

కూత ఒక్కో మెట్టూ పైకెక్కి, అందుకున్నచోట ఠక్కున ఆగిపోతుంది. అది కూస్తున్నంతసేపే నడవండి, ఆగితే మీరూ ఆగండి. పండ్లున్న రావి, మర్రి చెట్లు ముందు వెతకండి. మరో దారి కాకుల్ని గమనించడం. కోయిల గుడ్డు పెట్టేది వాటి గూట్లోనే కాబట్టి కనపడితే తరుముతాయి. కాకి వెంటపడిన నల్లపిట్టను చూస్తే మీ వెతుకులాట అయినట్టే.

ప్రశ్న: కొత్త బైనాక్యులర్ కొన్నాం, ఒక కంటికి ఎప్పుడూ మసకే.

జవాబు: పరికరంలో లోపం ఉండకపోవచ్చు. కుడి గాజు మూసి, మధ్య చక్రం తిప్పుతూ ఎడమ కంటికి ఒక ఆకు స్పష్టంగా కనిపించేలా చేసుకోండి. తర్వాత ఎడమది మూసి, అదే ఆకును కుడి కంటిచోట ఉన్న చిన్న రింగుతో సరిచేయండి. ఇక ఆ రింగు జోలికి పోవద్దు, మధ్య చక్రమే వాడండి. కళ్లద్దాలుంటే రబ్బరు కప్పులు కిందికి దించాలి. కొనబోయేవారికి ఒక మాట: పన్నెండు రెట్లు, పదహారు రెట్లు అంటే మోజు పడకండి. చెయ్యి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. ఎనిమిది రెట్లు హాయి.

ప్రశ్న: బూరుగు కొమ్మకు పెద్ద తేనెపట్టు ఉంది. కింద కూర్చోవచ్చా?

జవాబు: వద్దు. పట్టు మీద ఈగలు అలలా మెరుస్తూ కదిలాయంటే అది హెచ్చరిక, చప్పుడు చేయకుండా వెనక్కి తగ్గండి. అత్తరు, పొగ, రాయి ఏదీ పనికిరాదు. వెంటపడితే చేతులు విసరకుండా ముఖం కప్పుకుని గదిలోకో కారులోకో పరుగెత్తాలి. నీళ్లలో దూకితే తల పైకెత్తేదాకా అక్కడే తిరుగుతాయి. ముల్లు దిగితే వెంటనే తీసేయండి. గీకి తీసినా, లాగి తీసినా ఒకటే, ఆలస్యమయ్యేకొద్దీ విషం ఇంకా ఎక్కుతుంది. ఊపిరి ఆడకపోయినా, పెదవులు వాచినా, చాలాచోట్ల కుట్టినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: ఈతచెట్టుకు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి, పిట్ట ఒక్కటీ లేదు. ఎందుకు?

జవాబు: అవి పోయిన వానాకాలానివి. గిజిగాడు అల్లేది పచ్చి పోచలతో, అవి వానలు పడ్డాకే దొరుకుతాయి. జూలైలో మళ్లీ వెళ్లండి.