రెండు రోజుల్లో ఆరు వైనరీలు వద్దండి

శని, ఆదివారాల్లో సముద్రతీరపు ద్రాక్షతోటలకు వెళ్ళి ఆరు వైనరీలు (వైన్ తయారుచేసి రుచి చూపించే చోట్లు) చూడాలి, అలసిపోకుండా ఎలా అని అడిగారు. అందులో మూడు తీసేయండి. రోజుకు ఒకటి, మహా అయితే రెండు చాలు. అదీ పొద్దున పూటే, కడుపు నిండా తిన్నాక. మధ్యాహ్నం నుంచి సముద్రం దగ్గర ఊరికే కూర్చోండి.

తీరప్రాంతపు వైన్‌కు ప్రత్యేకమైన రుచి రావడానికి చల్లటి సముద్రగాలి, పొగమంచు ముఖ్య కారణం. కాయ నెమ్మదిగా పండుతుంది, పులుపు నిలుస్తుంది. కాబట్టి ఎండాకాలమైనా స్వెటర్ పెట్టుకోండి. రుచి చూసి ఉమ్మేయడం అక్కడ తప్పు కాదు, దానికి పాత్ర కూడా పెడతారు. అయినా డ్రైవింగ్ మాత్రం అసలు తాగనివాళ్ళకే అప్పగించండి. ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు. చాలాచోట్ల ముందే బుక్ చేసుకోవాలి, ఇవాళే ఫోన్ చేయండి.