రొయ్యల చెరువుకు కృత్రిమ మేధ సలహా

ప్రశ్న: కావలి దగ్గర రొయ్యల రైతులకు నీటి పరీక్షలు చేసే అంకుర సంస్థ మాది. కృత్రిమ మేధతో విస్తరించాలనుకుంటున్నాం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: ముందు ఒక్క పనితో ఆరంభించండి. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గుతుంది కాబట్టి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలో సెన్సార్ల లెక్కలను బట్టి హెచ్చరించడం యంత్రానికి తగిన పని. అయితే ఒక ఊరి చెరువుల లెక్కలతో నేర్చుకున్న కృత్రిమ మేధ మోడల్ ఉప్పదనం వేరైన చోట తప్పవచ్చు గనుక, ప్రతి కొత్త ప్రాంతంలోనూ చేతి మీటరుతో సరిచూశాకే సలహా పంపండి. మందుల మాట మాత్రం ఆక్వా నిపుణుడే చెప్పాలి. క్లోరాంఫెనికాల్ వంటి నిషిద్ధ యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికితే ఎగుమతి సరుకు తిరస్కరణకు గురవుతుంది, ఆ దెబ్బ రైతుకూ తగులుతుంది. రైతుల వివరాలను మేత వ్యాపారులకు అమ్ముకోవడం, నా దృష్టిలో, నమ్మకద్రోహమే. వివరాలు వాడుకోవడానికి రైతుల సమ్మతి కోరే నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలు కల్పించాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది.