మ్యాక్‌లో పాసైన టెస్టులు ల్యాబ్ పీసీలో ఆగిపోతున్నాయా?

తమ్ముడూ, మీ మ్యాక్‌బుక్ ఎం2లో తయారుచేసిన డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామ్, దానికి కావాల్సినవన్నీ కలిపిన ప్యాకేజీ) గుంటూరు కాలేజీ ల్యాబ్‌లోని ఇంటెల్ పీసీల్లో 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' ఇస్తోందన్నారు కదా. కోడ్‌లో తప్పు లేదు, టెన్షన్ వద్దు. మామూలుగా బిల్డ్ చేస్తే ఆ మెషీన్ ఆర్కిటెక్చర్‌కే (ప్రాసెసర్ రకానికే) ఇమేజ్ వస్తుంది. మీది ఆర్మ్64, ల్యాబ్‌వి ఏఎండీ64 (పేరు ఇలా ఉన్నా ఇంటెల్ చిప్‌లదీ ఇదే రకం).

డాకర్‌లోని బిల్డ్‌ఎక్స్ అనే బిల్డ్ టూల్ వాడి, ప్లాట్‌ఫామ్ ఆప్షన్‌లో రెండు ఆర్కిటెక్చర్లూ ఇచ్చి రిజిస్ట్రీకి (ఇమేజ్‌లు దాచే సర్వర్‌కి) పుష్ చేయండి. ఒకే ట్యాగ్ (ఇమేజ్‌కి పెట్టే పేరు) కింద రెండూ ఉంటాయి, ఏ మెషీన్ లాగితే దానికి సరిపోయేదే దిగుతుంది. మీ టీమ్ అంతా 'లేటెస్ట్' ట్యాగ్ మానేసి డైజెస్ట్‌తోనే (ఇమేజ్‌లో ఉన్నదాన్నుంచి లెక్కగట్టిన గుర్తింపు కోడ్‌తోనే) లాగండి. ట్యాగ్ రేపు వేరే ఇమేజ్‌కి మారొచ్చు, డైజెస్ట్ మారదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

ల్యాబ్‌లో అన్ని పీసీలూ ఒకే నెట్ మీద ఉంటే, లాగిన్ లేకుండా లాగినప్పుడు అందరివీ ఒకే లెక్కలో పడి, డాకర్ హబ్ (డాకర్ వాళ్ల ఆన్‌లైన్ రిజిస్ట్రీ) డౌన్‌లోడ్ పరిమితి తగలొచ్చు. ఒక పీసీలో లాగి, 'సేవ్'తో ఫైలు చేసి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి మిగతావాటిలో 'లోడ్' చేయండి. విజయవాడలో మా ఆఫీసులోనూ నెట్ నెమ్మదిస్తే ఇదే చేస్తాం.

మ్యాక్‌లో క్యూఈఎంయూ ఎమ్యులేషన్‌తో (వేరే ప్రాసెసర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌తో) ఏఎండీ64 ఇమేజ్ నడపొచ్చు గానీ చాలా నెమ్మది. ఆ టైమింగ్‌లు నమ్మకండి, చివరి టెస్టు అసలు ఇంటెల్ పీసీ మీదే చేయండి.

ఇమేజ్ సరిపోయాక కూడా సీ కోడ్ టెస్టులు తేడాగా వస్తే 'చార్' అనే డేటా టైప్ చూడండి. లినక్స్‌లో అది ఎక్స్86 (ఇంటెల్ రకం) మీద సైన్డ్, అంటే నెగెటివ్ విలువలూ పడతాయి; ఆర్మ్ మీద అన్‌సైన్డ్, అంటే పడవు. నెగెటివ్ విలువలు పెట్టేచోట 'సైన్డ్ చార్' అని స్పష్టంగా రాయండి.