వంట పుస్తకం ఏది కొనాలి?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్ళయి పుణెలో కాపురం పెట్టింది. మా అబ్బాయి పైచదువులకు అమెరికా వెళ్ళబోతున్నాడు. ఇద్దరికీ వంట అంతంత మాత్రమే. ఫోన్లో వీడియోలు చూసి చేస్తారు కానీ, ఒకరు చెప్పిన పాళ్ళు ఇంకొకరు చెప్పరు కనుక ఏ కూరా రెండోసారి అదే రుచి రావడం లేదంటున్నారు. ఇద్దరికీ చెరొక మంచి వంట పుస్తకం ఇవ్వాలని ఉంది. ఏవి కొనమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పేర్ల కంటే ముందు పుస్తకాన్ని పరీక్షించే పద్ధతి ఒకటి చెబుతాను. మీకు బాగా చేయి తిరిగిన వంటకం ఏదో ఒకటి తీసుకుని, దాని గురించి ఆ పుస్తకం ఏమి చెప్పిందో దుకాణంలోనే నిలబడి చదవండి. అరిసెలనే తీసుకుందాం. 'బెల్లం పాకం పట్టి, బియ్యప్పిండి కలిపి, అరిసెలు వత్తి నూనెలో వేయించాలి' అని ముగించిన పుస్తకం అరిసెలు వచ్చినవారికి అక్కరలేదు, రానివారికి పనికిరాదు. బియ్యం ఎంతసేపు నానాలో, పిండి తడి ఆరకముందే పాకంలో ఎందుకు పడాలో, పాకం బొట్టును పళ్ళెంలోని నీళ్ళలో వేస్తే అది కరిగిపోకుండా వేళ్ళ మధ్య మెత్తని ఉండగా రావాలో లేదో, పాకం ముదిరితే అరిసె ఎలా గట్టిపడుతుందో, లేతగా ఉంటే నూనెలో ఎలా విచ్చిపోతుందో చెప్పిన పుస్తకం రాసినవారు పొయ్యి దగ్గర నిలబడి రాశారని మీకే తెలిసిపోతుంది. రంగుల బొమ్మలు ఎన్ని ఉన్నా, ఈ గుర్తులు చెప్పని పుస్తకాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను.

మీ అమ్మాయికి మొదటి పుస్తకం తెలుగులో, మన ఇంటి వంటల గురించే ఉండాలి. చిన్నప్పటినుంచి తిన్న పప్పు, పులుసు, పచ్చడి రుచి నాలుకకు తెలుసు కాబట్టి, తాను వండినదానిలో లోపం ఎక్కడుందో తనే పట్టుకోగలుగుతుంది. ఎన్నడూ తినని వంటకంతో మొదలుపెడితే ఆ వీలు ఉండదు. ఈ అవసరానికి మాలతీ చందూర్ గారి 'వంటలు–పిండివంటలు' ఇవ్వండి. ఆంధ్రప్రభలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నడిపి, ఇంటి విషయాల మీద పాఠకుల సందేహాలను తీర్చిన రచయిత్రి ఆమె. ఎన్నో ముద్రణలు పొందిన ఆ పుస్తకాన్ని కొత్త కాపురానికి వెళ్ళే ఆడపిల్లల పెట్టెల్లో పెట్టి పంపిన తల్లులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఈ రోజుల్లో అల్లుడుగారు కూడా చదవవలసిన పుస్తకమే అది.

రెండో పుస్తకంగా, చెన్నపట్నంలో ఎస్. మీనాక్షి అమ్మాళ్ రాసిన 'సమైత్తు పార్'ను చెబుతాను. 1951లో తమిళంలో వెలువడిన ఈ శాకాహార గ్రంథానికి ఇంగ్లీషు అనువాదం కూడా ఉంది. ఎంత పప్పుకు ఎంత చింతపండు, ఏ పదార్థం తరువాత ఏది వేయాలి అన్న విషయాల్లో ఆమె పాటించిన క్రమం, కొత్తగా వండేవారిని చేయి పట్టుకుని నడిపిస్తుంది. అయితే అది తమిళుల ఇంటి వంట; సాంబారు, రసం, కూటు నేర్చుకోవడానికి దానికి మించినది నాకు తెలియదు గానీ, గోంగూర పచ్చడి కోసం అందులో వెతకవద్దు. మాంసాహారం తినేవారైతే బిల్కీస్ లతీఫ్ ఇంగ్లీషులో రాసిన ఆంధ్ర వంటల పుస్తకాన్ని చూడండి. హైదరాబాదీ వంటకాలు కూడా అందులోనే ఉన్నాయి కనుక, రెండు పుస్తకాలు కొనే పని తప్పుతుంది.

మీ అబ్బాయికి మధుర్ జాఫ్రీ 1973లో అమెరికా పాఠకుల కోసం రాసిన 'యాన్ ఇన్విటేషన్ టు ఇండియన్ కుకింగ్' సరిపోతుంది. నటనలో శిక్షణకు లండన్ వెళ్ళినప్పుడు ఆమెకు వంట రాదు. ఢిల్లీ నుంచి తల్లి ఉత్తరాల్లో రాసి పంపిన పద్ధతులతో నేర్చుకున్నారు. పరాయి దేశపు వంటగదిలో ఒంటరిగా మొదలుపెట్టేవారి ఇబ్బంది ఆమెకు స్వయంగా తెలుసు. అందులో ఉత్తరాది వంటలే ఎక్కువ కాబట్టి, మన పప్పు, చారు, పులిహోర, రెండు మూడు పచ్చళ్ళు మీరే ఒక నోటుపుస్తకంలో రాసి జతచేయండి. రాసేటప్పుడు 'తగినంత' అన్న మాట వాడకండి. మీ చేతికి అందే ఉప్పును ఒకసారి చెంచాలోకి తీసి కొలిచి రాయండి.

ప్రశ్న: మా అత్తగారి పాత వంట పుస్తకంలో కొలతలన్నీ గిద్దలు, సోలలు, వీశెల్లో ఉన్నాయి. వాటిని ఇప్పటి కొలతల్లోకి ఎలా మార్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మన దేశంలో మెట్రిక్ తూనికలు 1958లో మొదలయ్యాయి కనుక, అంతకు ముందటి పుస్తకాల్లో ఈ కొలతలే ఉంటాయి. తూనికలు సులభం: వీశె అంటే సుమారు 1,400 గ్రాములు, అందులో నలభయ్యో వంతైన పలం 35 గ్రాములు. కొలపాత్రల వరస కూడా తేలికే: 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. కాకపోతే సోల పరిమాణం అన్ని ఊళ్ళలో ఒకటే కాదు. మీ అత్తగారి సోల ఇంట్లో ఉంటే, నీళ్ళు నింపి మిల్లీలీటర్ల గీతలున్న పాత్రలో పోసి చూసుకోండి. లేకపోతే, అన్నీ కొలపాత్రల్లోనే చెప్పిన వంటకాలకు ఏ గిన్నె అయినా ఒకటే తీసుకుని అవే పాళ్ళు పాటించండి.

ఉప్పు విషయంలో మాత్రం ఆగి ఆలోచించాలి. పాత పుస్తకాల్లో ఉప్పు అంటే కల్లుప్పు. ఒక గిద్దలో పట్టే కల్లుప్పు కంటే, అదే గిద్దలో పట్టే మెత్తని ప్యాకెట్టు ఉప్పు ఎక్కువ బరువు తూగుతుంది, ఎందుకంటే మెత్తని ఉప్పు పలుకుల మధ్య ఖాళీ తక్కువ. ఆవకాయలో ఉప్పు ఎక్కువైతే నోట పెట్టలేము, తక్కువైతే బూజు పడుతుంది. కాబట్టి ఆ పుటలో ఉప్పును దంచకముందు కొలవమన్నారో, దంచాక కొలవమన్నారో ముందు చూడండి. దంచకముందు అయితే, చెప్పినంత కల్లుప్పును కొలిచి తూచి, అంతే బరువు మెత్తని ఉప్పు వాడండి.