ఎమ్‌జీబీకి జంట ఎస్‌యూలా, ఒంటి వెబరా?

ప్రశ్న: నా దగ్గర 1967 నాటి ఎమ్‌జీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. దాని ఇంజిన్ ఐడ్లింగ్‌లో (కారు ఆగి ఉండి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) కుదురుగా ఉండడం లేదు. గాలిలో పెట్రోలు కలిపే రెండు ఎస్‌యూ రకం కార్బ్యురేటర్లను తీసేసి ఒక వెబర్ రకం కార్బ్యురేటర్ పెట్టించుకోమని మెకానిక్ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: దయచేసి మార్చకండి. కామ్‌షాఫ్ట్, సిలిండర్ హెడ్ మార్చిన రేసు ఇంజిన్లకు వెబర్ 45 డీసీఓఈ మేలు చేస్తుంది గాని, మామూలు 1798 సీసీ ఇంజిన్‌కు ఎస్‌యూ హెచ్‌ఎస్4 జంటే తగినది. ఇంజిన్ లాగే గాలిని బట్టి ఎస్‌యూ పిస్టన్ లేస్తూ, దాని కొసనున్న సూది ద్వారా పెట్రోలు పాళ్లను తానే సరిచేస్తుంది. ఇంత సరళమైన, తెలివైన ఏర్పాటును వదులుకోవడం బాధాకరం.

ముందుగా వాల్వ్ క్లియరెన్సులు (వాల్వులకూ వాటిని నొక్కే భాగాలకూ మధ్య సందులు), ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) సరిచేయించండి. థ్రాటిల్ స్పిండిళ్లు (కార్బ్యురేటర్‌లో గాలిని అదుపుచేసే రేకు తిరిగే ఇరుసులు) అరిగి ఊగుతుంటే అక్కడినుంచి గాలి చొరబడుతుంది కాబట్టి, వాటిని బాగుచేయించనిదే ఏ ట్యూనింగూ నిలవదు.

ఇంజిన్ వేడెక్కాక, రెండు కార్బ్యురేటర్లనూ కలిపే లింకేజీ బిగింపులు వదులుచేసి, రబ్బరు గొట్టంతో వాటి మూతుల దగ్గర గాలి శబ్దం విని, థ్రాటిల్ మరలతో రెండింటినీ సమం చేయాలి. ఆ తర్వాత ఒక్కోదాని పిస్టన్‌ను సుమారు 0.8 మిల్లీమీటర్లు ఎత్తి చూడండి: ఇంజిన్ వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువైనట్టు, వెంటనే పడిపోతే తక్కువైనట్టు, క్షణకాలం కొద్దిగా పెరిగి మామూలుకు వస్తే సరిపోయినట్టు. కార్బ్యురేటర్ అడుగున, పెట్రోలు వచ్చే జెట్‌ను పైకీ కిందికీ జరిపే నట్‌ను పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి తిప్పితే పెరుగుతుంది. నట్‌కున్న ఆరు ముఖాల్లో ఒక్కో ముఖం చొప్పున మాత్రమే తిప్పి, మళ్లీ పరీక్షించండి.