కెరటోసిస్ట్ గొడవలో తల దూరుస్తున్న చిన్నికి

చిన్నీ,

థీసిస్‌కి ఓడొంటోజెనిక్ కెరటోసిస్ట్, అదే దవడ ఎముకలో వచ్చే ఆ సంచిలాంటి సిస్టు, తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది, టెన్షన్‌గానూ ఉంది. "అది సిస్టు కాదు, ట్యూమరే అని తేల్చేస్తా" అన్నావట. అంత తొందరెందుకమ్మా?

స్లైడ్లు నువ్వే చూడు, గైడ్‌తో పోట్లాడకు. ఇవి నీకు తెలిసినవే.

1956లో ఫిలిప్సెన్ ఆ పేరు పెట్టాడు. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ట్యూమర్లలో చేర్చింది, 2017లో మళ్లీ సిస్టుల్లోకి తెచ్చింది, 2022లోనూ అక్కడే ఉంచింది. ట్యూమర్ అన్నవాళ్లవి ఉత్త మాటలేం కావు: తీసినా తిరిగి రావడం, గోడలో పిల్ల సిస్టులు, పీటీసీహెచ్1 జన్యువులో మార్పులు, వంశపారంపర్యమైన గోర్లిన్ సిండ్రోమ్‌లో కనబడడం. కాదన్నవాళ్లు ఆ జన్యువు ఒక్కటే చాలదన్నారు. పైగా మార్సుపియలైజేషన్ చేస్తే, అంటే సిస్టుకి కిటికీలా దారి తెరిచి ఉంచితే, చాలావరకు కుంచించుకుపోతుంది, లోపలి లైనింగ్ కూడా మామూలు నోటి పొరలా మారుతుంది. నాకు ఈ రెండోదే గట్టిగా తోస్తుంది, అయినా ఒట్టేసి చెప్పను.

నా భయం వేరు. నేను పనిచేసిన ఒకచోట ఓ కుర్రాడి కేసు వచ్చింది, జ్ఞానదంతం చుట్టూ ఎక్స్‌రేలో నల్లటి నీడ. బయాప్సీకి చిన్న ముక్క పంపారు, అదీ చీము పట్టిన చోటి నుంచి. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నచోట ఆ లైనింగ్ గుర్తులన్నీ పోతాయి కదా, పైన పారాకెరటిన్ పొర ఉండదు, అడుగున బారులు తీరిన కణాలూ ఉండవు. చూసినాయన డెంటిజరస్ సిస్ట్, అంటే బయటికి రాని పంటి చుట్టూ వచ్చే మామూలు సిస్టు, అని రాసేశాడు. తర్వాత సిస్టు మొత్తం తీసి పంపినా పాత రిపోర్టు ఉందిగా అని ఎవరూ సరిగ్గా చూడలేదు, కుర్రాణ్ణి మళ్లీ రమ్మనీ చెప్పలేదు. అది నిజానికి కెరటోసిస్టే. ఇది ఎముక లోపల పొడుగ్గా పాకుతుందే గానీ బయటికి పెద్దగా ఉబ్బదు, అందుకే ఏళ్ల తర్వాత వాడు వచ్చేసరికి దవడ వెనక నిలువుగా ఉండే రామస్ పైదాకా వెళ్లిపోయింది. ఈసారి రిపోర్టులో ట్యూమర్ అని ఉంది. వాళ్లమ్మ క్యాన్సరే అనుకుంది, విడమరిచి చెప్పిన నాథుడు లేడు. ఒక సర్జన్ దవడ ముక్కే కోసేద్దామన్నాడు. ఇంకొకాయన అడ్డుపడి లోపలి ఒత్తిడి తగ్గించే డికంప్రెషన్ ట్యూబ్ పెట్టబట్టి ఆ దవడ దక్కింది.

అందుకే, పేరు మారినప్పుడల్లా సర్జన్ చేసే పని మారిందా లేదా, అది వెతుకు. ఆర్థోకెరటినైజ్డ్ రకాన్ని, అదే కెరటిన్ పొర వేరేలా ఉండే సిస్టుని, దీంతో కలపకు. అది తిరిగి రావడం చాలా అరుదు, పాత పేపర్లలో రెండూ కలిసిపోయి లెక్కలు చెడతాయి. పేషెంట్లని ఎన్నేళ్లు ఫాలో చేశారో రాయని పేపర్ అయితే నమ్మనే వద్దు.

మొదటి చాప్టర్ అవగానే నాకు పంపు. ఎర్ర పెన్ను తీస్తా, అలగకూడదు మరి. ఆ మైక్రోస్కోప్ ముందు భోజనం మానేసి కూర్చున్నావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

మీ పెదనాన్న